పెద్ద కోడలి సంతకం

1981 విజయదశమి నాడు నేను పదకొండు కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టాను. అంతకు ముందు ఎప్పుడూ అలా పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు. పోస్టుమాన్ రిజిస్టరు ఉత్తరం తెస్తే చీటీ మీది నంబరూ కవరు మీది నంబరూ ఒకటేనా అని చూసుకున్నాకే పెన్ను తీసే మనిషిని. అలాంటిదాన్ని ఆ ఒక్క పూట ఎందుకు చదవలేదో ముందు చెప్పాలి. అది తెలియకపోతే మా మరిదిని నేను ఏం చేశానో, ఎందుకు చేశానో అర్థం కాదు.

మా అత్తవారిది బరంపురంలో మిర్చి, పసుపు టోకు వ్యాపారం. నేను 1961 వైశాఖంలో కాపురానికి వచ్చాను. ఆ ఇంట్లో దసరాకి కొత్త లెక్కల పుస్తకాలు తెరుస్తారు. వాటికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు పేర్చి, మొదటి పేజీలో శ్రీకారం చుట్టి, దాని కింద ఇంటి పెద్ద కోడలు సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే మగవాళ్లు పుస్తకం ముట్టుకుంటారు. పదమూడు దసరాలు ఆ సంతకం నాది.

1974 ఏప్రిల్‌లో మా ఆయన పోయారు. ఆ ఏడు దసరాకి మా అత్తగారు పెన్ను తీసి మా తోడికోడలి చేతికి ఇచ్చారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అలా ఏడు దసరాలు చూశాను. ఆ ఏడేళ్లూ ఆ పుస్తకాల్లో లెక్కలన్నీ రాసింది నేనే, మొదటి పేజీ తప్ప.

మధ్యలో, 1976లో, వాటాలు పడ్డాయి. మా ఆయన భాగంగా వచ్చిన డబ్బులో 31,500 రూపాయలు పెట్టి ఊరి చివర హల్దియాపదర్‌లో ఇల్లు కొన్నాను. ముందు రెండు గదులు, మధ్య నడవ, వెనక వంటిల్లు, నుయ్యి, ఒక నిమ్మచెట్టు. నాకు పిల్లలు లేరు. ఆ ఇల్లే నాకున్నది. ముఖ్యంగా వెనక భాగం. ఆ వంటిల్లు, పాతది తీయించి, గాలీ వెలుతురూ చూసుకుని నేను కట్టించుకున్నది. పొయ్యి దగ్గర కూర్చుంటే నుయ్యి కనిపిస్తుంది. ఎవరి గుమ్మం దగ్గరా నిలబడక్కర్లేని వంటిల్లు.

1979లో అత్తగారూ పోయారు. మరుసటేడు మా మరిది మిర్చి వ్యాపారం వదిలి మొగలి అత్తరు మీదకి మళ్లాడు. మా గంజాం తీరమంతా మొగలి పొదలే. వానాకాలంలో పువ్వు దిగుతుంది. కోసిన పువ్వు కోసిన రోజే రాగి డేగీల్లో నీళ్లు పోసి ఉడికించి, ఆవిరి పట్టాలి. మర్నాటికి వాడి, రంగు తిరిగిపోతుంది. బట్టీ పెట్టిన వాళ్లు బాగానే గడిస్తున్నారని విని, మా వాడు కొందరిలా ఊరికే బట్టీ పెట్టక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అని రిజిస్టరు చేయించాడు. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలన్నారట. తనొకడు, నేనొకతెను. లెక్కలు రాసిపెడితే నెలకి మూడు వందలు ఇస్తానన్నాడు. ఒప్పుకున్నాను.

1981 దసరాకి వాళ్లింటికి రమ్మని కబురొచ్చింది. వెళ్లాను. దేవుడి ముందు రెండు కొత్త పుస్తకాలు, వాటి కింద బ్యాంకు కాగితాల కట్ట. కాగితాలకు కూడా మూలల్లో పసుపు పెట్టి ఉంది. నేను అలవాటుగా వంటింటి వైపు వెళ్తుంటే మరిది పిలిచాడు.

"వదినా, ఈ ఏడు నువ్వే పెట్టాల. అమ్మ పోయాక ఇంటికి పెద్ద నువ్వే కదా. కొత్త యాపారం. నీ సెయ్యి పడితేనే నాకు మంచిది."

తోడికోడలు పక్కనే హారతి పళ్లెంతో నిలబడింది. ఆమే పెన్ను అందించింది. పుస్తకాల్లో పెట్టాను. "వీటిక్కూడా, వదినా" అంటూ అతను కాగితాలు ఒక్కొక్కటీ తిప్పాడు. వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాను. చదవాలనుకున్నా ఆ పూట నాకు అక్షరాలు ఆనేవి కావు. కళ్లు అలా ఉన్నాయి. ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నాను: పుస్తకాలు రెండు, కాగితాలు పదకొండు. కాగితాల్లో ఏముందో రాసుకోలేదు, తెలియదు గనక.

బ్యాంకు లక్షా ఇరవై వేలు ఇచ్చింది. 1982 జనవరిలో ఎనిమిది డేగీలు వచ్చాయి. తూకం దగ్గర నేనే ఉన్నాను. డేగీలూ, వాటి మూతలూ, అత్తరు దిగే బిందెలూ అన్నీ కలిపి 968 కిలోలు. పేర్లు కొట్టించే పని కూడా నాకే అప్పగించాడు. కంపెనీ పేరు వద్దు, అమ్మ పేరు కొట్టించు అన్నాడు. మా అత్తగారికి గిన్నె, గరిటె దేనికైనా పేరు రెండు చోట్ల ఉండాలి. ఒకటి అందరికీ కనిపించే చోట, ఒకటి దొంగ చూడని చోట. ఆమె పద్ధతి ప్రకారమే ప్రతి డేగీకీ మెడ మీద ఒకసారి, అడుగుకి జానెడు పైన ఇంకోసారి కొట్టించాను. డేగీని బట్టీలో కూర్చోబెట్టి చుట్టూ మట్టి మెత్తితే ఆ కింది పేరు మట్టిలోకి పోతుంది. కంపెనీ రిజిస్టరులో తూకంతో పాటు ఇదీ రాశాను. రెండో పేరు సంగతి మరిదికి చెప్పానో లేదో గుర్తు లేదు. రిజిస్టరు అతను ఎప్పుడూ తెరవలేదని మాత్రం తెలుసు.

రెండు సీజన్లు బాగా నడిచింది. మూడో ఏడు వచ్చిన డబ్బు వచ్చినట్టే కొత్త ఇంటి మేడకి వెళ్లింది. అడిగితే కంపెనీ తన చేతిలో ఉందన్నాడు. 1984 చివర్లో బట్టీ ఆగిపోయింది. 1985 జూన్‌లో బ్యాంకు నుంచి నా పేరన నోటీసు వచ్చింది. అసలూ, ఆ ఏడాది ఆఖరుదాకా వడ్డీ కలిపి 1,63,740 రూపాయలు.

నోటీసు పట్టుకుని అతని దగ్గరికి వెళ్లాను. నవ్వాడు.

"లిమిటెడ్ కంపెనీ, వదినా. అప్పు కంపెనీది. మన మీదకేటి వస్తాది?"

"మరి కాగితం నా పేరునొచ్చిందేటి?"

"ఆళ్లు అందరికీ పంపుతారు. పడీసీ."

పారేయలేదు. కోర్టు వెనక వీధిలో ఉండే ఒక ముసలి వకీలు దగ్గరికి వెళ్లాను. ఆయన బ్యాంకు నుంచి నకళ్లు తెప్పించి, పదకొండింటిలో రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టారు. ఒకటి, డేగీలన్నీ అప్పుకి తాకట్టు అని కంపెనీ రాసిచ్చినది. రెండోది, కంపెనీ తీర్చకపోతే నా సొంత ఆస్తి నుంచి మొత్తం తీరుస్తానని నేను రాసిచ్చిన హామీ. అలాంటి హామీయే మరిదీ ఇచ్చాడు. కాని అతని ఇల్లు 1983లోనే భార్య పేరుకి దానంగా మారిపోయింది. బ్యాంకుకి పట్టుకోవడానికి ఉన్నది నా ఇల్లు ఒక్కటే.

"కంపెనీ ఏరు, మీరు ఏరు, నిజమేనమ్మా. కంపెనీ మునిగితే దాని అప్పు దాంతోనే పోతాది. కాని మీరు ఇడిగా సంతకం పెట్టి మధ్యనున్న గోడకి మీరే తలుపు పెట్టారు" అన్నారాయన.

చదవకుండా పెట్టానని చెప్పాను.

"సదవకుండా పెట్టినా సంతకమేనమ్మా. సదువు రాని మనిషైతే ఏదో ఒకటి అడిగేవాణ్ణి. మీరు లెక్కలు రాసే మనిషి."

ఆ మాట నన్ను కాల్చింది. నిజం గనక కాల్చింది. అక్కడి నుంచి నేరుగా మళ్లీ మరిది ఇంటికి వెళ్లి, పసుపు పెట్టిన కాగితాల్లో హామీ పత్రం ఎందుకు పెట్టావని అడిగాను. అతను తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"పెద్ద కోడలివని పిలిచి పెట్టించాను. ఏడేళ్లు నిన్నెవులు పిలిచారు? నేనే కదా పిలిచాను."

అంటే అతనికి తెలుసు. గుమ్మం దగ్గర నేను ఏడేళ్లు ఎలా నిలబడ్డానో చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు, ఎప్పుడు వాడాలో అప్పుడు వాడాడు. డబ్బు ఒక్కటే తీసుకుని ఉంటే డబ్బు దావా వేసి ఊరుకునేదాన్ని. ఆ పూట నుంచి నాకు అతని డబ్బు అక్కర్లేకపోయింది. అతను లేవలేకుండా పడటం కావాలి.

ముందు ఇల్లు వేలానికి వెళ్లకుండా చూసుకోవాలి. 1986 జనవరిలో వెనక భాగం, అంటే వంటిల్లూ, నుయ్యీ, నిమ్మచెట్టూ, పక్కింటి సిమెంటు వ్యాపారికి 85,000కి అమ్మాను. ఒరియా ఆయన, మర్యాదస్తుడు. మూడేళ్లలోపు 90,000 ఇస్తే తిరిగి రాసిస్తానని స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. అంతవరకూ గోడ కట్టనన్నాడు. ఇరవై రెండు తులాల బంగారానికి 52,800 వచ్చింది. పోస్టాఫీసులో 25,940 తీశాను. మొత్తం 1,63,740. ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. తగ్గిస్తే నాకు సంక్రమించే హక్కు కూడా ఆ మేరకి తగ్గుతుందని వకీలు చెప్పారు.

ఆ హక్కు కోసమే కట్టాను. హామీ ఇచ్చినవాళ్లు అప్పంతా తీరిస్తే, బ్యాంకు ఏ స్థానంలో ఉందో ఆ స్థానంలోకి వాళ్లు వస్తారట. బ్యాంకు దగ్గరున్న తాకట్లన్నీ వాళ్లవి అవుతాయి. ఈ సంగతి మేనేజరు గాని, మరిది గాని నాకు చెప్పలేదు. వకీలు పుస్తకం తీసి వేలు పెట్టి చూపించారు. ఈసారి చదివాను. నాలుగుసార్లు చదివాను.

మరిది పేరున ఏ ఆస్తీ లేదు. ఎనిమిది డేగీలే మిగిలాయి. కాని బట్టీకి వెళ్తే మట్టి గుంటలు తప్ప ఏమీ లేవు. డేగీలు ఎవరో ఎత్తుకుపోయారని మరిది పోలీసు స్టేషనులో ఫిర్యాదు కూడా రాయించాడు. రెండేళ్లు దావా నడిచింది. తీర్పు నా వైపే వచ్చింది, దొరకని డేగీల మీద.

1988 జులైలో మా ఇంటికి కళాయి వేసేవాడు వచ్చాడు. ఏటా వచ్చేవాడే. నడవలో కూర్చుని ఇత్తడి గిన్నెలకి కళాయి వేస్తూ, ఈ ఏడు ఆలస్యమైందమ్మా, మీ మరిదిగారి డేగీలు ఎనిమిదీ చేసి వస్తున్నాను అన్నాడు. మార్కండి వెళ్లే దారిలో సరుగుడు తోట వెనక రేకుల షెడ్డు. బట్టీ తోడికోడలి పేరున నడుస్తోందట. మెడల మీద అరగదీసిన గుర్తులున్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. అతనికి మామూలుగా ఇచ్చేదాని మీద పది రూపాయలు ఎక్కువ ఇచ్చాను. ఎందుకో చెప్పలేదు.

ఆగస్టు రెండో వారంలో కోర్టు కమిషనరునీ, జప్తు చేసే అమీనునీ తీసుకుని జీపులో వెళ్లాను. పువ్వు బాగా దిగే రోజులు కావాలనే ఎంచుకున్నాను. షెడ్డులోకి వెళ్లేసరికి ఎనిమిది బట్టీలూ మండుతున్నాయి. డేగీల మూతులకి మట్టి పూసి మూసేశారు. బయట గోనెల మీద ఇంకా ఐదు వేల పువ్వు ఉంది. పువ్వు నలభై పైసల చొప్పున, అరువు మీద కొన్నది. డేగీల్లో ఉన్నది ఇంకో ఐదు వేలు. వాసనకి కమిషనరు జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నారు.

మరిది నన్ను చూసి లేచాడు. ఇవి తన భార్య కొన్న కొత్త డేగీలని కమిషనరుకి ఒరియాలో చెప్పాడు. బిల్లు కూడా చూపించాడు. మెడల మీద పేరు ఎక్కడుంది చూపించమన్నాడు. లేదు, ఆకురాయితో అరగదీసి ఉంది. అప్పుడు నేను కంపెనీ రిజిస్టరు నకలు తెరిచి, రెండో పేరు బట్టీ మట్టి లోపల ఉంటుందని చెప్పాను.

మరిది ముఖం అప్పుడు చూడాల్సింది. నేను చూశాను, తనివితీరా చూశాను.

మట్టి తవ్వి డేగీ ఎత్తాలంటే మంట ఆర్పాలి. మంట ఆర్పితే లోపలి పువ్వు సగం ఉడికి పాడవుతుంది. బయట పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. ఆ పువ్వు డబ్బు బాకీ పడితే మళ్లీ ఏ ఊరూ అతనికి పువ్వు ఇవ్వదు. ఇదంతా అందరికీ తెలుసు. కమిషనరు కూడా, రేపు పొద్దున్న బట్టీ వేయకముందు వస్తే సరిపోదా అన్నారు. రేపటికి షెడ్డు ఖాళీగా ఉంటుందన్నాను.

మరిది నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా, ఈ ఒక్క వాయి దిగనీ. సాయంకాలం నేనే ఎత్తిస్తాను. అరువు పువ్వది."

"ఆర్పమను."

"మన ఇంటి పరువు, వదినా."

"నేను సదవకుండా సంతకం పెట్టినప్పుడు ఆగమన్నావా? ఆర్పమను."

ఆర్పారు. కూలీలు పద్నాలుగు మంది. వాళ్లది తప్పు కాదు గనక రోజు కూలి పన్నెండు రూపాయల చొప్పున 168 నేనే ఇచ్చాను. డేగీ చల్లారడానికి రెండు గంటలు పట్టింది. నేను తెచ్చుకున్న మడత కుర్చీ వేసుకుని పువ్వు పక్కనే కూర్చున్నాను. పసుపుపచ్చ రేకుల కొసలు గోధుమరంగు తిరగడం మధ్యాహ్నం రెండుంపావుకి మొదలైంది. మొదటి డేగీ ఎత్తి, మసి తుడిచి, తడిగుడ్డతో రుద్దితే అడుగుకి జానెడు పైన మా అత్తగారి పేరు, చుక్కలు చుక్కలుగా. కమిషనరు చదవలేరు, తెలుగు రాదు. అమీను చదివి వినిపించాడు. ఎనిమిదింటికీ ఉంది.

నెల తిరక్కముందే డేగీలు బాకీ కింద నాకు అప్పగించమని కోర్టు ఉత్తర్వు వచ్చింది. లారీలో తెచ్చి ఇంటి నడవలో పెట్టించాను. అవి వచ్చాక నాలుగో రోజు తోడికోడలు వచ్చింది. ఏడవలేదు. చీర కొంగులో చుట్టిన కాగితం తీసి ముందు పెట్టింది. ఛత్రపురం వ్యాపారి ఒకాయన భాగస్తుడిగా చేరతానన్నాడట, డేగీలుంటే. వాటికి 92,000 ఇస్తారు. రొక్కం.

"అక్కా, నువ్వు లెక్కలు తెలిసిన మనిషివి. తొంభై ఇస్తే నీ వంటిల్లు నీకొస్తాది. ఇంకా రెండేలు మిగుల్తాది. మా బట్టీ మాకుంటాది. నీకూ పోయిందేటి లేదు, మాకూ పోయిందేటి లేదు."

ఆమె లెక్క సరైనదే. ఆ రాత్రంతా దాన్నే తిరగేశాను. గడువు ఇంకా నాలుగు నెలలుంది. నుయ్యి, నిమ్మచెట్టు, గాలీ వెలుతురూ చూసుకుని కట్టించుకున్న వంటిల్లు, అన్నీ ఒక సంతకంతో వెనక్కి వస్తాయి. అతనూ వెనక్కి వస్తాడు. వచ్చే వానాకాలానికి మళ్లీ బట్టీ ముందు నిలబడి, వదిన మంచిది, కోపం తగ్గిపోయింది అంటాడు. దసరాకి కబురు పంపుతాడు.

మర్నాడు రాగి పనివాళ్ల వీధికి వెళ్లి తూకానికి బేరం చేశాను. కిలో 42 రూపాయలు, ముక్కలు చేసి తీసుకోవాలి, నా కళ్ల ముందు కొయ్యాలి. రాగి పనివాడు ఇవి వాడుకునే సరుకు కదమ్మా, ఎందుకు కోయడం, అలాగే అమ్మితే రెట్టింపు వస్తుంది అని రెండుసార్లు చెప్పాడు. నిజాయితీగల మనిషి. కొయ్యమన్నాను. తూకం మళ్లీ వేయించాను. ఆరేళ్ల మంటకి కూడా పెద్దగా తరగలేదు, 968 కి బదులు 961 వచ్చింది. 40,362 రూపాయలు. 92,000 కి అది 51,638 తక్కువ. ఆ అంకె నా డైరీలో నష్టం అని రాయలేదు, ఖర్చు అని రాశాను.

మరిదికి ఎవరు చెప్పారో, రెండో డేగీ కోస్తుండగా వచ్చాడు. వీధికి అవతల సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు రాలేదు. రంపం రాగిని కోసే చప్పుడు పళ్లు పులిసేలా ఉంటుంది. మూడోది కూడా రెండు ముక్కలయ్యాక సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను ఎనిమిదీ అయ్యేదాకా ఉన్నాను. తర్వాత అతను వేరేవాళ్ల బట్టీలో పువ్వు లెక్కపెట్టే పనికి కుదిరాడని విన్నాను. పద్దెనిమిదేళ్లు అదే పని చేసి పోయాడు. పదో రోజుకి పిలిచారు. వెళ్లలేదు.

1989 జనవరిలో గడువు తీరింది. సిమెంటు వ్యాపారి స్వయంగా వచ్చి, ఇంకో ఆరు నెలలు ఆగమంటే ఆగుతానమ్మా అన్నాడు. అక్కర్లేదు, గోడ కట్టుకోమన్నాను. మేస్త్రీ దారం లాగేటప్పుడు నా వైపు నాలుగు అంగుళాలు జరిగింది. దస్తావేజు తీసుకొచ్చి, టేపు పెట్టి కొలిచి, సరిచేయించాను. వీధివైపు అరుగు మీద రేకు వేయించుకుని వంట అక్కడే చేసుకుంటున్నాను. జల్లు కొడితే పొయ్యి లోపలికి జరుపుకోవాలి. గోడ కట్టిన రోజు మేస్త్రీకి రెండో మనిషి లేకపోతే, దారం ఒక కొస నేనే పట్టుకున్నాను.